పెన్సిల్ ఆలోచిస్తుందా? ఒక రిటైర్డ్ స్టేషన్ మాస్టర్ జవాబు

హన్మకొండలో ఎంబీఏ చదువుతున్న ఒకమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "ఆలోచన మనిషి తలలోనే జరగదు, మనుషులూ పనిముట్లూ చుట్టూ ఉన్న పరిసరాలూ కలిసి పంచుకుంటాయి అని మా మేడం చెప్పారు. డిస్ట్రిబ్యూటెడ్ కాగ్నిషన్ అంటారట. నాకైతే మాటల గారడీలా ఉంది. ఆలోచించేది మనిషే కదా, పెన్సిల్ ఆలోచిస్తుందా? దీని మీద అసైన్‌మెంట్ రాయాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది."

బిడ్డా, నా చిన్న కూతురు నీకంటే పెద్దదే అయి ఉంటుంది కాబట్టి నువ్వు అనే అంటున్నాను, ఏమీ అనుకోకు. నేను ప్రొఫెసర్‌ని కాను. 1982లో రైల్వేలో చేరి 2019లో స్టేషన్ మాస్టర్‌గా రిటైరయ్యాను. ఎక్కువ కాలం కాజీపేటకు అటూ ఇటూ ఉన్న స్టేషన్లలోనే గడిచింది. రిటైరయ్యాక మా అల్లుడు తెచ్చిపెట్టిన పుస్తకాల్లో ఈ సంగతి చదివి, ముప్పై ఏడేళ్ళు నేను చేసిన పనికి ఇంత పెద్ద పేరుందా అని ఆశ్చర్యపోయాను. జవాబు పొడుగవుతుంది, తీరిగ్గా ఉన్నప్పుడు చదువుకో.

ముందు నీ పెన్సిల్ సంగతి. ఆ ఎగతాళి నీకంటే ముందే చేసినవాళ్ళున్నారు. 1998లో ఆండీ క్లార్క్, డేవిడ్ చామర్స్ అని ఇద్దరు తత్వవేత్తలు ఒక వ్యాసం రాశారు. అందులో ఒట్టో అనే మనిషిని ఊహించారు. అతనికి అల్జీమర్స్ మతిమరుపు. మ్యూజియం ఏ వీధిలో ఉందో నోట్‌బుక్‌లో రాసుకుంటాడు, కావలసినప్పుడు తీసి చూసుకుని వెళ్తాడు. మనకు జ్ఞాపకం చేసే పనిని అతనికి నోట్‌బుక్ చేస్తోంది కాబట్టి అది అతని మనసులో భాగమే అని వాళ్ళ వాదం. ఫ్రెడ్ ఆడమ్స్, కెన్ ఐజావా అనే మరో ఇద్దరు దీన్ని ఒప్పుకోలేదు. రెండూ రెండూ నాలుగని పెన్సిల్ ఎందుకు అనుకుంది? లెక్కల పండితుడి చేతిలో ఉంది కాబట్టి! ఇలా జోకు వేశారు. ఒకదానికి ఆనుకుని ఉన్నంత మాత్రాన అందులో భాగమైపోదని వాళ్ళ అభ్యంతరం. ఈ తగవు ఇంకా తెగలేదు. నా మట్టుకు నాకు ఆడమ్స్ పక్షంలో కొంత న్యాయం ఉందనే అనిపిస్తుంది.

కానీ మీ మేడం చెప్పిన మాట ఇంకో దారిన వచ్చింది. ఎడ్విన్ హచిన్స్ అనే ఆయన అమెరికా నౌకాదళం ఓడలో కూర్చుని, దారి చూసే బృందం ఎలా పనిచేస్తుందో గమనించి 1995లో పుస్తకం వేశాడు. పెన్సిల్ ఆలోచిస్తుందా లేదా అన్నది ఆయన ప్రశ్నే కాదు. ఒక పని నడవాలంటే గుర్తుపెట్టుకోవాలి, లెక్క వేయాలి, సరిచూసుకోవాలి, తేల్చుకోవాలి. ఇవి ఎక్కడెక్కడ జరుగుతున్నాయి? ఒక్కొక్క తలకాయనీ విడివిడిగా చూస్తే కనబడతాయా, గది మొత్తాన్నీ కలిపి చూస్తేనే కనబడతాయా? ఆయన అడిగింది ఇంతే. ఇందులో గారడీ ఏమీ లేదు. నాకు తెలిసిన గదిలోంచి చూపిస్తాను.

నేను చేరిన రోజుల్లో సింగిల్ లైన్ సెక్షన్లలో బాల్ టోకెన్ ఉండేది. సింగిల్ లైన్ అంటే రెండు స్టేషన్ల మధ్య ఒకటే పట్టా. ఎదురెదురుగా రెండు బండ్లు అందులోకి దిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకని ప్రతి బండికీ ముందు తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ ముక్కలో ఇప్పుడు ఇంకో బండి ఉందా? అది గుర్తుపెట్టుకోవాల్సింది ఎవరు? నేనా, అవతలి స్టేషన్ మాస్టరా, డ్రైవరా? ముగ్గురమూ మనుషులమే. నిద్ర, జ్వరం, ఇంట్లో గొడవ ముగ్గురికీ ఉంటాయి.

ఆ పనిని ఉక్కు బంతికి అప్పజెప్పారు పెద్దలు. నా గదిలో ఒక యంత్రం, పక్క స్టేషన్లో దాని జంట యంత్రం, రెండింటినీ కలుపుతూ తీగ. నా యంత్రంలోంచి బంతి రావాలంటే పక్క స్టేషన్ ఆయన అక్కడినుంచి సమ్మతి ఇవ్వాలి. ఒక బంతి బయటికి వచ్చిందంటే, అది తిరిగి ఏదో ఒక యంత్రంలో పడేదాకా రెండూ బిగుసుకుపోతాయి. నువ్వెంత తిప్పినా రెండో బంతి రాదు. ఆ బంతిని సంచిలో వేసి, పెద్ద రింగుకు తగిలించి డ్రైవర్‌కి అందిస్తాం. ఆగని బండికైతే పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ప్లాట్‌ఫాం అంచున నిలబడి రింగు ఎత్తి పట్టుకుంటాడు, నడుస్తున్న ఇంజిన్‌లోంచి చెయ్యి చాచి అందుకుంటారు. బంతి మీద ఆ రెండు స్టేషన్ల పేర్లూ చెక్కి ఉంటాయి. డ్రైవర్ చదివి చూసుకుంటాడు. బంతి చేతిలో ఉన్నంతసేపూ ఆ పట్టా అతనిది.

ఇప్పుడు చెప్పు, సెక్షన్లో బండి ఉందన్న సంగతి ఎవరికి గుర్తుంది? బంతికి అంటే నవ్వుతావు, నవ్వాలి కూడా. అది ఉక్కు ముద్ద. నాకు అందామా? నేను మర్చిపోయినా రెండో బంతి రాదే! నా తలా, అవతలాయన తలా, తీగ, రెండు యంత్రాలు, డ్రైవర్ చేతిలో రింగు, అన్నీ కలిస్తేనే ఆ జ్ఞాపకం నిలబడుతోంది. వాటిలో దేన్ని విడదీసి చూపించినా ఇదిగో జ్ఞాపకం అని వేలు పెట్టలేవు.

ఇందులోనే ఇంకో విశేషం ఉంది. ముక్క ఖాళీగా ఉందా అని తేల్చుకోవడం కష్టం, నాలుగైదు మైళ్ళ అవతల ఉన్న బండి ఎవరికీ కనబడదు. చేతిలో బంతి ఉందా అని చూసుకోవడం చిన్న పిల్లాడికైనా వస్తుంది. మొదటి ప్రశ్నను ఆ ఏర్పాటు రెండో ప్రశ్నగా మార్చేసింది. పనిముట్టు వల్ల మన బుర్ర పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. బుర్ర ఎంతుందో అంతే ఉంటుంది, మారేది పని. హచిన్స్ తన ఓడలో పట్టుకున్నదీ ఇదే. ఓడ వేగాన్ని గంటకు ఇన్ని నాటికల్ మైళ్ళని లెక్కేస్తారు, నాట్‌లు అంటారు. ఒక నాటికల్ మైలు దాదాపు 2000 గజాలు. మూడు నిమిషాలంటే గంటలో ఇరవయ్యో వంతు. కాబట్టి మూడు నిమిషాల్లో ఓడ 1500 గజాలు పోయిందంటే వేగం 15 నాట్‌లు. చివరి రెండు సున్నాలు తీసేస్తే జవాబు వచ్చేసింది, గుణకారం లేదు, భాగహారం లేదు. కొలతకు మూడు నిమిషాల గడువు పెట్టుకోవడంలోనే లెక్క అంతా జరిగిపోయింది. మా వాళ్ళు కిలోమీటరు రాళ్ళతో చేసేదీ ఇలాంటిదే. రాయికీ రాయికీ మధ్య 60 సెకన్లు పడితే వేగం 60, 45 సెకన్లయితే 80, 36 అయితే 100. వాచీ చూసుకుంటూ మనసులో చదువుకోవడమే.

ఇక నేను తప్పు చేయబోయిన రోజు. ఏ స్టేషనో చెప్పను, చిన్న స్టేషన్, పట్టాలూ సిగ్నళ్ళూ మార్చడానికి చేత్తో లివర్లు లాగే కాలం. అప్పుడు నాకు ఉద్యోగంలో మూడో ఏడు. వరసగా నైట్ డ్యూటీలు, ఇంట్లో చంటిపిల్లకు జ్వరం. డ్యూటీ తీసుకుంటూ రిజిస్టర్ మీద సంతకం చేశాను, బండ్లను పక్కకు తీసి ఆపే లూప్ లైన్లో నాలుగు గూడ్స్ పెట్టెలు ఆగి ఉన్నాయని అందులో రాసి ఉంది కూడా. చదివాను. చదివాను అన్న సంగతి కూడా గుర్తుంది. తెల్లవారుజామున ఒక బండిని లూప్‌లోకి తీసుకుందామని పాయింట్స్‌మన్‌తో లైన్ తియ్యమన్నాను. అతను లివర్ దగ్గరికి పోయి, వెనక్కి తిరిగి, "సార్, కాలర్ ఉంది" అన్నాడు.

కాలర్ అంటే పెద్ద వస్తువేం కాదు. లైన్ ఖాళీగా లేనప్పుడు ఆ లైన్ లివర్‌కు తొడిగే తొడుగు. అది ఉన్నంతసేపు లివర్ లాగడం కుదరదు. ముందు షిఫ్టు ఆయన పోతూ పోతూ తొడిగి పోయాడు. ఆయన ఆ సమయానికి ఇంట్లో పడుకుని ఉన్నాడు. పడుకునే నన్ను ఆపాడన్నమాట. ఆ తర్వాత రెండు రోజులు నాకు అన్నం సహించలేదు.

ఆ రోజు ఆలోచించింది ఎవరు అని నిన్ను అడిగితే ఏం చెబుతావు? నేను కాదు, నేను ఆలోచించనే లేదు. తర్వాత కంప్యూటర్ ప్యానెల్ స్టేషన్లలో పనిచేసినప్పుడు కూడా, బటన్ల మీద పెట్టే కాలర్లను చిన్నవాళ్ళు చాదస్తం అనుకుంటుంటే వాళ్ళకు ఈ కథే చెప్పేవాణ్ణి.

వస్తువుల సంగతి ఇంతసేపు చెప్పాను కానీ మనుషుల మధ్య నడిచేది ఇంకా చిత్రంగా ఉంటుంది. లెవెల్ క్రాసింగ్ గేట్‌మన్‌కి ఫోన్ చేసి బండి వస్తోంది గేటు వెయ్ అంటాం. వేశాక అతను సరే సార్ అంటే ఒప్పుకోం. అతని దగ్గర ఒక షీటు ఉంటుంది, అందులో రెండంకెల నంబర్లు ఒక వరస అనేది లేకుండా ఉంటాయి. అందులో తర్వాతి నంబర్ చదివి కొట్టేస్తాడు, నేను రాసుకుంటాను. ప్రైవేట్ నంబర్ అంటారు దాన్ని. సరే సార్ అన్న మాట నిద్రలో కూడా వస్తుంది. అరవై ఏడు అనాలంటే మాత్రం లేవాలి, షీటు తీయాలి, వేలు పెట్టి చూడాలి. ఆ నంబర్‌కి అర్థం ఏమీ లేదు. మెలకువగా ఉన్నాడన్నదే దాని అర్థం.

కంట్రోల్ ఫోన్ ఇంకొకటి. పాతకాలంలో సెక్షన్లోని స్టేషన్లన్నీ ఒకే తీగ మీద ఉండేవి. సెక్షన్లో బండ్లన్నిటినీ దూరం నుంచి నడిపించే కంట్రోలర్ ఒక స్టేషన్‌తో మాట్లాడుతుంటే మిగతావాళ్ళు ఎత్తి వినొచ్చు. బయటివాళ్ళకు ఇది పరాయి మాటలు దొంగచాటుగా వినడంలా ఉంటుంది. మాకు అదే చదువు. నాలుగు స్టేషన్ల అవతల గూడ్స్ బండి ఇంజిన్ మొరాయించిందని చెవిన పడితే, నాకు ఎవరూ ఏమీ చెప్పకముందే లూప్ ఖాళీ చేయించి పెట్టేవాణ్ణి. క్రిస్టియన్ హీత్, పాల్ లఫ్ అని ఇద్దరు లండన్ భూగర్భ రైలు కంట్రోల్ రూములో ఇలాంటిదే గమనించి 1992లో రాశారు. ఒకాయన ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్కాయన తన పని చేసుకుంటున్నట్టే ఉండి అంతా వింటాడు, అడగకుండానే అందుకు తగ్గట్టు తన పని మార్చుకుంటాడు. అది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. మా గదిలో ముక్కున వేలేసుకుని చూసే ఆఫీసర్లకు, వీళ్ళు కబుర్లు వింటున్నారు అని మాత్రమే కనిపించేది.

ఇక కంట్రోలర్ ముందుండే చార్టు. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు వరసలో. ప్రతి స్టేషన్ నుంచి బండి దాటిన టైము రాగానే చుక్క పెట్టి గీత కలుపుతాడు. ఎదురొచ్చే బండి గీత ఇటు వాలుగా, పోయే బండి గీత అటు వాలుగా ఉంటాయి. సింగిల్ లైన్ మీద ఆ రెండు గీతలూ ఎక్కడ కలుస్తున్నాయో చూస్తే చాలు. స్టేషన్ గీత మీద కలిస్తే మంచిదే. మధ్యలో కలిస్తే ఎవరినో ఒకరిని ముందు స్టేషన్లో ఆపాలి. లెక్క వేయాల్సిన విషయం కంటితో చూసేదిగా మారిపోయింది. బంతి కథే మళ్ళీ.

హచిన్స్ చెప్పిన ఒక సంఘటన ఇక్కడ చెప్పకపోతే నీ అసైన్‌మెంట్‌కి అన్యాయం చేసినట్టే. ఓడ శాన్ డియేగో హార్బర్‌లోకి వస్తుండగా ఆవిరి పడిపోయింది, ఇంజిన్లు ఆగాయి, దాంతో పాటు గైరో దిక్సూచి కూడా పోయింది. మామూలు అయస్కాంత దిక్సూచి మీద ఆధారపడాలి. దాని రీడింగ్ నేరుగా పనికిరాదు, ప్రతిసారీ రెండు మూడు దిద్దుబాట్లు కలపాలి. సముద్ర పటం దగ్గర ఇద్దరు నావికులు ఆ కూడికలతో తడబడ్డారు. ఒకసారి ఒకరు మర్చిపోవడం, ఇంకోసారి ఇద్దరూ అదే కలపడం. అలా పోట్లాడుకుంటూ, లెక్కలు చేసుకుంటూ పోగా పోగా ఒకరు ఏది కలపాలో, ఇంకొకరికి ఏది అందించాలో కుదురుకుంది. ఎవరూ ఆగి ఇలా పంచుకుందాం అని ప్లాన్ వేయలేదు. పద్ధతి ముందు ఆ ఇద్దరి మధ్యా ఏర్పడింది, ఇద్దరి తలల్లోకీ తర్వాత ఎక్కింది. నాట్లేసే కూలీల గుంపును చూసినవాళ్ళకు ఇది వింతగా ఉండదు. మొదటి గంట వరసలు వంకరగా ఉంటాయి, ఒకరినొకరు తిట్టుకుంటారు, మధ్యాహ్నానికి ఎవరి చెయ్యి వేగం ఎంతో అందరి కాళ్ళకూ తెలిసిపోతుంది.

ఊరి మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు. మా ఊరు ములుగు వైపు. చిన్నప్పుడు కల్లం దగ్గర వడ్లు కొలిచేవాళ్ళను చూసేవాళ్ళం. ఒకటి అనరు, లాభం అంటారు. లాభం, లాభం, లాభం అని పాడుతూ మొదటి కొలత పోస్తాడు. రెండోది నింపుతున్నంతసేపూ రెండు, రెండు, రెండు. అది మంచి శకునం కోసం అనే మా నాయనమ్మ చెప్పేది. నిజమే కావచ్చు. కానీ పాట ఆగకుండా ఉన్నంతసేపు ఆ అంకె గాలిలో ఉంటుంది చూడు, ఎవరి తలలోనూ దాచుకోనక్కర్లేదు. కొలిచేవాడు పరధ్యానంలో పడినా అమ్మేవాడు, కొనేవాడు, పక్కన కూర్చున్న ముసలివాళ్ళు అందరూ వింటూనే ఉంటారు. మూడు తర్వాత అయిదు అంటే పదిమంది అరుస్తారు.

రెండోది నీరటి. నీ తరం వాళ్ళకు ఈ మాట తెలుసో లేదో. చెరువు నీళ్ళను ఎవరి మడికి ఎప్పుడు ఎంత పారించాలో చూసే మనిషి. కాకతీయుల కాలం నుంచీ రామప్ప, పాకాల, లక్నవరం లాంటి పెద్ద చెరువులతో పాటు ఊరూరా గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్ళు కింది చెరువుకు వస్తాయి. మా ఊరి నీరటి చదువుకోలేదు. తూము దగ్గర రాతి మీద నీళ్ళు ఎంతదాకా తడిశాయో చూసి, యాసంగికి ఎన్ని ఎకరాలు వేసుకోవచ్చో చెప్పేవాడు. ఆ రాయి ఆయన కొలబద్ద. కాలువ గట్టు మీద పార భుజాన వేసుకుని నడుస్తూ ఏ మడిలో మట్టి ఎలా మెరుస్తోందో చూసేవాడు. పై చెరువు నీరటితో వారానికోసారి మాట్లాడేవాడు, అది వాళ్ళ కంట్రోల్ ఫోన్ అనుకో. కోతలయ్యాక కల్లం దగ్గర ప్రతి రైతూ ఆయన వాటా వడ్లు ఆయనకు పోసేవాడు. చివరి మడి వాడికి నీళ్ళందకపోతే ఆ వాటా తగ్గిపోతుంది కాబట్టి చివరి మడిని ఆయన మర్చిపోయే వీలే లేదు.

బోర్లు వచ్చాయి, ఎవరి మోటారు వారిదైంది. నీరటి కొడుకు హైదరాబాద్ పోయాడు, ఆయన పోయాక ఆ పని ఎవరూ తీసుకోలేదు. కొన్నేళ్ళ క్రితం చెరువు పూడిక తీశారు, కట్ట బాగుచేశారు, మంచి వానలకు చెరువు నిండింది. అందరం సంతోషించాం. యాసంగిలో మాత్రం నీళ్ళు తూము దగ్గరి పొలాల వాళ్ళకు మోకాలి దాకా, చివరి వాళ్ళకు పగుళ్ళు. పంచాయితీలో ఒకరినొకరు స్వార్థపరుడు అని తిట్టుకున్నారు. నాకేమో అక్కడ స్వార్థం కంటే మతిమరుపు ఎక్కువ కనిపించింది. ఊరి జ్ఞాపకంలో ఒక ముక్క పోయింది, అది ఎప్పుడు పోయిందో కూడా ఎవరికీ తెలియదు. తూము ఉంది, కాలువ ఉంది, రాయి ఉంది. వాటి మధ్య నడిచే మనిషి లేడు.

మనుషులు ఒకరి జ్ఞాపకాన్ని ఇంకొకరి దగ్గర దాచుకుంటారన్న మాటకు కూడా ఒక పేరుంది, ట్రాన్సాక్టివ్ మెమరీ. డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో మొగుడూ పెళ్ళాల మీద చూసి ఈ మాట అన్నాడు. మా ఇంట్లో చుట్టాల పెళ్ళి రోజులన్నీ నా భార్య దగ్గర, భూమి కాగితాలన్నీ నా దగ్గర. ఆమె పుట్టింటికి పోతే నేను ఏ శుభకార్యానికి పోవాలో కూడా నాకు తెలియదు. 2011లో వెగ్నర్, బెట్సీ స్పారో, జెన్నీ లియూ కలిసి ఇంకో సంగతి చూపించారు. కంప్యూటర్లో ఉండిపోతుంది అని తెలిసిన సమాచారాన్ని మనిషి అంతగా గుర్తుపెట్టుకోడు, ఎక్కడ దాచాడో మాత్రం గుర్తుపెట్టుకుంటాడు. ఫోన్ వల్ల బుర్రలు మొద్దుబారిపోతున్నాయి అని మా వయసు వాళ్ళం గొణుగుతుంటాం కానీ, మేము భార్యల మీద, గుమాస్తాల మీద, పాయింట్స్‌మన్ల మీద పెట్టిన భారమే మీరు ఫోన్ మీద పెడుతున్నారు. ఒక్కటే తేడా. నా భార్య, "ఆ రోజు నువ్వు రాలేదు, ఈసారి తప్పకుండా పోవాలి" అని అడగకుండానే చెబుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఇదంతా చదివి కాగితం పెడితే చాలు, చెక్‌లిస్ట్ పెడితే చాలు అని రాయకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకు ఒక చెక్‌లిస్ట్ తెచ్చింది. 19 అంశాలు. పేషెంట్ ఎవరు, ఏ వైపు కోయాలి, యాంటీబయాటిక్ ఇచ్చారా అని గదిలో అందరూ పైకి చెప్పుకోవాలి. ఎనిమిది దేశాల్లో ఎనిమిది ఆసుపత్రుల్లో పరీక్షించారు, ఢిల్లీలోది కూడా ఒకటి. 2009లో వచ్చిన ఫలితాల్లో చావులు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆసుపత్రులు దాన్ని ఎంతవరకు పాటిస్తున్నాయో అందరికీ తెలిసేలా చెప్పాలని నియమం పెట్టారు. అక్కడి 101 ఆసుపత్రుల లెక్కలు తీసిన పరిశోధకులు 2014లో చెప్పింది ఏమిటంటే, చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాగితం అదే. ఎందుకిలా అన్న దాని మీద చాలా వాదనలున్నాయి. నా అనుభవం ఒకటే చెబుతుంది. సంతకం కోసం నింపిన కాగితం, మెలకువ కోసం చదివిన నంబర్ ఒకటి కావు. పైకి చెప్పినప్పుడు చిన్న నర్సుకు కూడా, "సార్, ఎడమ వైపు కదా" అనే ధైర్యం వస్తుంది. అదే ఆ చెక్‌లిస్ట్ చేసే పని. టిక్ పెట్టడం దాని నీడ మాత్రమే.

నువ్వు ఎంబీఏ కాబట్టి వ్యాపారం నుంచి ఒకటి చెప్పి ఆపుతాను. వరంగల్‌లో మా బంధువుల అబ్బాయికి విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. వాళ్ళ నాన్న కాలం నుంచి ఒక గుమాస్తా ఉండేవాడు. రైతుల బాకీ చీటీలను ఊరి పేరు వారీగా ఇనుప ముల్లుకు గుచ్చి పెట్టేవాడు. అబ్బాయి సాఫ్ట్‌వేర్ కొన్నాడు, చీటీలు అన్నీ ఎక్కించి ముళ్ళు తీసేశాడు. గుమాస్తా కూడా పెద్దవాడయ్యాడని ఇంటికి పంపించేశాడు. పత్తి అమ్మకాలు మొదలవగానే బాకీ ఉన్న అందరికీ ఒకేసారి మెసేజ్ పోయింది. మర్నాడు ఇద్దరు ముగ్గురు రైతులు కొట్టుకు వచ్చి నానా మాటలూ అని పోయారు. ఇరవై ఏళ్ళ ఖాతా ఉన్న ఒకాయన తర్వాత ఇంకో దుకాణానికి మారిపోయాడు.

ఏం జరిగిందని గుమాస్తా ఇంటికి పోయి అడిగితే తెలిసింది. చీటీ మూల మడిచి ఉంటే ఆ రైతుకు పంట పోయింది, లేక ఇంట్లో చావు జరిగింది, ఈ ఏడు అడగొద్దు అని. ముల్లు మీద ఏ ఊరి కట్ట లావుగా ఉందో దూరం నుంచే కనబడేది, ఆ వైపు ఈసారి అరువు తగ్గించాలి అని చూడగానే తెలిసేది. ఇవేవీ ఆయన ఎవరికీ చెప్పలేదు, దాచాలని కాదు, అది ఒక పద్ధతి అని ఆయనకే తోచలేదు. కంప్యూటర్లోకి అంకెలన్నీ తప్పు లేకుండా ఎక్కాయి. మడతలు ఎక్కలేదు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది అని అబ్బాయి ఇప్పటికీ అంటాడు, నేను ఒప్పుకోను. ముల్లు తీసేసే ముందు ఆ ముల్లు ఏం పని చేస్తోందో వారం రోజులు కూర్చుని చూసి ఉంటే సరిపోయేది.

సరే, అసైన్‌మెంట్. పుస్తకాలతో మొదలుపెట్టకు. మీ కాలేజీ దగ్గర రద్దీగా ఉండే టిఫిన్ సెంటర్ ఒకటి చూసుకో, ఉదయం ఎనిమిదిన్నరకు పోయి గంటన్నర కూర్చో. ఓనర్‌కి ముందే చెప్పు, లేకపోతే ఎవరో ఆఫీసర్ వచ్చారని భయపడతారు. అందరినీ చూడాలని చూడకు, తల తిరుగుతుంది. ఒక్క ఆర్డర్ పట్టుకో. ఎవరో రెండు ఉప్మా దోశ, ఒకటి ఉల్లి లేకుండా అన్నారనుకో, ఆ 'ఉల్లి లేకుండా' అన్న ముక్క వెంట నడువు. అది మొదట నోటిలో ఉంది. తర్వాత సర్వర్ కేకలో ఉంది. ఆ తర్వాత ఎక్కడికి పోయింది? మాస్టర్ తలలోనా, పెనం మీద ఆ దోశను ఏ మూల పోశాడో అక్కడా, ప్లేటు అంచు మీద పెట్టిన చెమ్చాలోనా? ప్రతి చేయి మారినప్పుడూ రాసుకో. అమెరికాలో కింగ్ బీచ్ అనే ఆయన బార్‌లో పనిచేసేవాళ్ళ మీద ఇలాంటి పనే చేసి 1993లో అచ్చు వేశాడు. అనుభవం ఉన్నవాళ్ళు ఏ డ్రింక్‌కి ఏ ఆకారం గ్లాసో ఆ గ్లాసులను వరసగా పేర్చుకుని, వాటిని చూసే ఆర్డర్ గుర్తుపెట్టుకుంటారు. అన్ని గ్లాసులూ ఒకేలా నల్లగా ఉన్నవి ఇస్తే పాతవాళ్ళ తప్పులు పెరిగిపోయాయి. నువ్వు ఎవరి గ్లాసులూ మార్చకు, పొయ్యి దగ్గర గొడవవుతుంది. తప్పు ఆర్డర్ వచ్చిన టేబుల్ ఏదైనా కనిపిస్తే మాత్రం వదలకు, అక్కడినుంచి వెనక్కి నడిచి, ఆ ముక్క ఏ చేతి దగ్గర జారిపోయిందో కనుక్కో. సర్వర్‌ని తిడుతుంటారు, నువ్వు సర్వర్‌నే చూస్తూ కూర్చోకు.

ఏం దొరికిందో ఇక్కడే రాయి. ఉల్లి లేని దోశ ఎక్కడ తప్పిపోయిందో నాకూ తెలుసుకోవాలని ఉంది.